తీసేయమంటే కూడిన విల్మా

ఈరీ సరస్సు నీటిమట్టం కొలిచే పోర్ట్ హాలిస్ ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాను. తీరం వెంట ఉన్న పదకొండు కొలత గదుల్లో ఏడు నా చేతుల మీదుగా లేచినవే. పల్లెలో ఒంటిగది బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివి, ఇంజనీర్ల లెక్కల్లో మూడుసార్లు తప్పు పట్టినవాణ్ణి. అయినా మా ఆఫీసు చేసిన గొప్ప పని ఏదంటే నా పేరు చెప్పను. విల్మా టెస్కీ పేరు చెబుతాను.

విల్మా పెర్చ్ చేపలు పట్టేవాళ్ల ఇంటి పిల్ల. మా దగ్గర టైపిస్టుగా చేరింది. డెబ్భై రెండులో టొరంటోలోని పెద్ద కంప్యూటరుతో ఫోను తీగ మీద మాట్లాడే టైపు మిషను ఒకటి మాకు వచ్చింది. ఫోను రిసీవరును దాని రబ్బరు గిన్నెల్లో బోర్లిస్తే చాలు, అక్కడి జవాబు ఇక్కడ కాగితం మీద పడేది. దానితో మాట్లాడే భాష ఏ.పి.ఎల్. నిండా బాణాలూ, త్రికోణాలూ, సున్నాలో గీతలూ. ఇంజనీర్లు ఒకసారి చూసి దండం పెట్టి వెళ్లిపోయారు. విల్మా మాత్రం భోజనం వేళల్లో దాని ముందు కూర్చుని నేర్చుకుంది.

ఆ భాషలో అంకెల్ని ఒక్కొక్కటిగా పిలిచి పని చెప్పనక్కర్లేదు. నెలరోజుల నీటిమట్టాలన్నిటికీ కలిపి ఒక పేరు పెట్టి, ఆ పేరుకు ఒక్క మాట చెబితే వరుస మొత్తం కదులుతుంది. బొమ్మ గీయడమూ అంతే. విల్మా ఎత్తుల వరుసనూ మట్టాల వరుసనూ ఎదురెదురుగా పెట్టి, ప్రతిదాన్నీ ప్రతిదానితో పోల్చమంటుంది. నీరు ఆ ఎత్తుకు చేరినచోట ఒకటి, చేరనిచోట సున్నా పడి పట్టిక వస్తుంది. సున్నా ఉన్నచోట ఖాళీ, ఒకటి ఉన్నచోట నక్షత్రం అచ్చు వేయమంటే సరస్సు కాగితం మీద లేచి నిలబడుతుంది. మొదటిసారి అది తలకిందులుగా వచ్చింది. నీళ్లు ఆకాశంలో వేలాడుతున్నాయేమిటని నేను ఏడిపించాను. ఎత్తుల వరుసను తిరగేసే గుర్తు ఒకటి కలిపింది, అంతే, సరస్సు కిందికి దిగింది. అంత సంతోషం నేను ఆ ఆఫీసులో అంతకు ముందు చూడలేదు.

గాలి ఎటునుంచి ఎంత జోరుగా వీస్తే మా ఒడ్డున నీరు ఎంత లేస్తుందో చెప్పే సూత్రం కూడా విల్మా కట్టింది. పెద్ద ఇంజనీరు గోర్డన్ ప్రూయెట్ దానికి ఒక పరీక్ష పెట్టారు. శుక్రవారం పదకొండు గంటలకు, గత నవంబరు తుఫాను లెక్కల మీద ఆ సూత్రం నిలబడాలి. నిలబడితే తీరానికి హెచ్చరికలన్నీ విల్మాయే లెక్కగట్టి ఇస్తుంది. లేకపోతే మిషను వెనక్కి పోతుంది, విల్మా మళ్లీ ఉత్తరాలు టైపు చేసుకోవాలి.

శుక్రవారం పొద్దున తొమ్మిదిన్నరకు ముందుగా ఒకసారి నడిపి చూసింది. కొలిచిన మట్టంలోంచి మామూలు మట్టమూ, గాలి లేపిన నీరూ తీసేస్తే మిగిలేది ఏమీ ఉండకూడదు. బొమ్మ బల్లలా చదునుగా రావాలి. వచ్చిన బొమ్మలో మాత్రం తుఫాను రోజుల దగ్గర పెద్ద మూపురం లేచింది.

పక్క బల్ల మీది కుర్ర ఇంజనీరు లోర్న్ స్కెల్డింగ్ తొంగి చూశాడు. "సరస్సు గీయమంటే ఒంటెను గీశావేంటి విల్మా?"

ఆమె గాలి లేపిన నీటి బొమ్మను ఒక్కదాన్నే అచ్చు వేసి, దాని పక్కన మూపురాన్ని పరిచింది. రెండింటిదీ ఒకే ఆకారం. మూపురం ఎత్తు మాత్రం సరిగ్గా రెట్టింపు.

"క్లేటన్ గారూ, ఇటు రండి," అని నన్ను పిలిచింది. "గాలిని తీసేయమంటే ఇది రెండింతలు చేసి పెట్టింది."

రాసిన వరుస చదివాను. కొలతలోంచి మామూలు తీసివేత, గాలి తీసివేత. నేను చదివిన బడి లెక్క ప్రకారం ఏ తప్పూ లేదని చెప్పాను. ఆమె ఒక్క క్షణం నా మొహం చూసి, తొమ్మిదిలోంచి మూడు, రెండు తీసేయమని మిషనుకు కొట్టింది. నాలుగు రావాలి. ఎనిమిది వచ్చింది.

"మా పంతులమ్మ అయితే దీన్ని గోడకుర్చీ వేయించేది," అన్నాను.

విల్మా నవ్వింది. ఈ భాష కుడి నుంచి ఎడమకు పోతుందట. ముందు మూడులోంచి రెండు తీస్తుంది, మిగిలిన ఒకటిని తొమ్మిదిలోంచి తీస్తుంది. ఈ సంగతి ఆఫీసులో తెలిసింది తనొక్కదానికే. తీరా రాసేటప్పుడు చెయ్యి బడిలో నేర్చుకున్న దారినే పోయింది. గాలిని తీసేయమని రెండోసారి పెట్టిన తీసివేత గుర్తే గాలిని తిరిగి కలిపేసింది.

రెండో తీసివేతను చెరిపి అక్కడ కూడిక పెట్టింది. ఈలోగా పదకొండయింది, ప్రూయెట్ వచ్చి వెనకాల నిలబడ్డారు.

"గాలిని తీసేయాలంటే కూడుతున్నావేంటమ్మా?"

"ముందు మామూలూ గాలీ కలుస్తాయి సార్. ఆ మొత్తం కొలతలోంచి పోతుంది. చివరినుంచి చదవండి."

పెద్దాయన కుడిచివర వేలు పెట్టి మెల్లగా ఎడమకు జరుపుతూ చదివారు. విల్మా మీట నొక్కింది. కాగితం కదిలింది. మొదటి వరుస ఖాళీ, రెండో వరుస ఖాళీ. మూడో వరుసలోనే ఇందాక మూపురం మొదలైంది. అదీ ఖాళీయే. నాలుగు, అయిదు, ఆరు.  పంతొమ్మిదో వరుస దగ్గర మిషనులో అక్షరాలు కొట్టే గుండు ఒక్కసారిగా టకటకమని ఈ చివరినుంచి ఆ చివరికి పరుగెత్తింది. కాగితం అంచు నుంచి అంచుకు నక్షత్రాలు, రోడ్డు వేసినట్టు చదునుగా. లోర్న్ తన కుర్చీ తెచ్చుకుని విల్మా పక్కన వేసుకున్నాడు, నేర్చుకోవడానికి.

ప్రూయెట్ పొగడలేదు. "మంగళవారం ఎదురుగాలి వస్తుందంటున్నారు. ఎంత లేస్తుంది?" అని మాత్రం అడిగారు.

నాలుగడుగుల రెండంగుళాలు అని విల్మా సూత్రం చెప్పింది. సోమవారమే ఒడ్డు వీధి ఇళ్లకు హెచ్చరిక వెళ్లింది, జనం మిట్టకు తరలిపోయారు. మంగళవారం మధ్యాహ్నం కొలత గదిలో నీటిగుర్తు నేనే స్వయంగా చదివాను. నాలుగడుగుల ఒక అంగుళం. వీధిలో మోకాలిలోతు నీళ్లు, ఇళ్లలో ఒక్క మనిషి లేడు. పరుగున వచ్చి చెబితే విల్మా గంతులేస్తుందనుకున్నాను.

"ఆ అంగుళం ఎటుపోయింది క్లేటన్ గారూ?" అంటూ ఆమె అప్పుడే సూత్రంలో కలపడానికి గాలి పీడనాల వరుసకు పేరు పెడుతోంది.