జెండాకు చుట్టిన దారం

ఆగస్టు పదిహేనుకు ముందురోజు తెనాలి పూల అంగళ్ళలో, తడిగోనెల మీద కుప్పపోసిన బంతిరెక్కల వాసన, కాస్త పచ్చిగా కాస్త వగరుగా ముక్కుకు తగిలిందంటే ఇప్పటికీ ఏమీ కొనకుండా గబగబా దాటిపోతాను. అందరికీ అది పండుగ వాసన. నాకు మాత్రం మూడో తరగతి వరుసలో నిలబడి తలెత్తి చూసిన వాసన.

నాన్న పోయాక అమ్మ నన్ను తీసుకుని చీరాల నుంచి వేమూరు దగ్గర మా మేనమామ ఊరికి వచ్చింది. మాది మగ్గం ఇల్లు. అమ్మకు నేత తప్ప మరో పని రాదు, ఆ ఊళ్ళో చూస్తే కాలవ, వరిచేలు తప్ప మగ్గం లేదు. అత్త కంచంలో అన్నం పెట్టేటప్పుడు గరిటె చప్పుడులోనే మేమెన్నాళ్ళుంటామో అడిగినట్టుండేది. అలాంటప్పుడు బళ్ళో పిల్లలకు మధ్యాహ్నం వండిపెట్టే మనిషి మానేసింది. మా రత్నకుమారి టీచరుగారు అమ్మ పేరు చెబితే, ఆ పని అమ్మకే ఇస్తున్నట్టు జెండా ఎగరేశాక అందరి ముందూ చెబుతానన్నారు పంచాయతీ ప్రెసిడెంటుగారు. ఆ పని దొరికితే వేరే గది తీసుకుంటాం, నా చదువు సాగుతుంది. దొరక్కపోతే మళ్ళీ చీరాలే, ఎవరి మగ్గానికో నూలు కండెలు చుట్టడమే.

ఆ బళ్ళో జెండాలో పూలు పెట్టి మడిచే పని ప్రతిసారీ ఊరి ఆడవాళ్ళలో ఒకరికి అప్పగించేవారు. ఆ ఏడు టీచరుగారు కావాలనే అమ్మను పిలిచారు. ముందురోజు సాయంత్రం మేమంతా మైదా జిగురుతో పురికొసకు రంగు కాగితాలు అంటిస్తుంటే, పెద్ద పిల్లలు ముగ్గుపిండితో వరుసల గీతలు గీస్తుంటే, అమ్మ వరండాలో కూర్చుని బంతిరెక్కలు, గన్నేరుపూలు జెండాలో పొదిగి మడిచింది. తాడు లాగితే విడిపోయే జారుముడి టీచరుగారే వేశారు.

తెల్లారి తడిమట్టి మీద వరుసగా నిలబెట్టారు. పక్కన పళ్ళెంలో బెల్లం కలిపిన బొరుగులు ఘుమఘుమలాడుతున్నాయి. జెండాకర్ర మొదట్లో ఉన్న జెండా మూటను చూశాను. మూట చుట్టూ మా ఇంటి నేతదారం, దానికి బియ్యపుగింజంత ముడి. మగ్గం మీద తెగిన పోగును అతికే ముడి అది. లాగేకొద్దీ బిగుస్తుందే గాని ఊడదు. పూలు జారిపోతాయేమోనని అమ్మ చేతులు అలవాటుగా చేసేసిన పని.

అమ్మ అవతల ఆడవాళ్ళలో నిలబడి ఉంది. వరుస దాటి వెళ్ళి ఆమెకు చెబుదామని నేను టీచరుగారికి చిటికెనవేలు చూపించాను.

"ఏంటే, జెండా వేళకే వస్తుందా నీకు? పాటయ్యేదాకా బిగబట్టు," అన్నారు టీచరుగారు. వరుసంతా కిసుక్కుమంది.

మూట పైకి వెళ్ళింది. ప్రెసిడెంటుగారు తాడు లాగారు. మూట ఊగింది, విప్పుకోలేదు. ఇంకా గట్టిగా లాగారు. పైన దారం బిగుసుకోవడం నా వేళ్ళకే తెలుస్తున్నట్టుంది. మెడలెత్తి చూస్తున్న పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు, అపశకునమని ఎవరో ముసలామె గొణిగింది.

"టీచరుగారూ, జెండా కట్టమంటే మూట కట్టారేంటండి?" అన్నారు ప్రెసిడెంటుగారు నవ్వకుండా.

టీచరుగారు ఏదో అనబోయేలోపు అమ్మ ముందుకొచ్చింది. "ఆ దారం నేను చుట్టానండి. టీచరమ్మగారికి తెలియదు."

జెండా దించారు. నేల తగలకుండా అమ్మ పైటచెంగు పట్టి, దారాన్ని పంటితో తెంపింది. పూలన్నీ చెంగులోనే రాలాయి. జెండా మళ్ళీ పైకి వెళ్ళి ఎగిరింది, ఒక్క రెక్కా రాలకుండా. పాట పాడాం. ప్రెసిడెంటుగారు దేశం గురించి చెప్పారు, కాలవ నీళ్ళ గురించి చెప్పారు, పిల్లలు బాగా చదవాలన్నారు. ఆ తర్వాత బొరుగులు పంచమని వెళ్ళిపోయారు. అమ్మ చెంగు విప్పకుండా అలాగే నిలబడి ఉంది.

మర్నాడు బళ్ళో గరిటె వేరే ఆవిడ పట్టింది. దసరా సెలవులకు చీరాల బస్సెక్కాం. నా బడి అంతటితో సరి.

ఇప్పుడు మా అమ్మాయి తెనాలిలో చదువుతోంది. వాళ్ళ స్కూల్లో పూలూ జెండా డెకరేషన్ వాళ్ళే కట్టేస్తారు, మైకులో పాట వేస్తారు, తల్లులందరినీ గేటు బయట నిలబెడతారు. మొన్న కూడా ఊచల సందులోంచే చూశాను. తాడు లాగగానే పూలు జలజలా రాలాయి, అందరూ చప్పట్లు కొట్టారు. ఏ తల్లి చెయ్యీ దానిమీద పడలేదు. తప్పు చెయ్యడానికైనా మమ్మల్ని ఎవరూ లోపలికి పిలవరు.