చీకటి పడని గది

ఓషధులను పోషించే చంద్రునికీ, వాటి వేళ్ళను మోసే భూమికీ అంజలి ఘటించి ఈ నాలుగు మాటలు మొదలుపెడుతున్నాను. విశ్వావసు నామ సంవత్సర శ్రావణ బహుళ పంచమినాడు, రాయగడలోని మా ఇంటి వెనుకగదిలో, నా ఇల్లాలు ఆకుకూరలు పెంచుకునే పెట్టెలో, మేము విత్తని మొక్క ఒకటి తల ఎత్తింది.

ముందు ఆ గది సంగతి చెప్పాలి. పెరటిలో వంగి పనిచేసే ఓపిక తగ్గినప్పుడు ఆమె తన సాగునంతా అక్కడికి మార్చుకుంది. లోతైన చెక్కపెట్టెలు, వాటి నిండా మట్టి, పైన పగటివేళ వెలిగే ట్యూబులైట్లు. ఆ మట్టిని ఆమె ఎన్నడూ తవ్వదు, తిరగవేయదు. ఒక పైరు అయిపోతే మొదలంటా కోసి, వేరును లోపలే కుళ్ళనిస్తుంది. పైన గడ్డి కప్పుతుంది. పేడ, బెల్లం, పప్పుపిండి కలిపి పులియబెట్టిన నీళ్ళు అప్పుడప్పుడు పోస్తుంది. "దున్నడం వానపాములు సూసుకుంటాయి, మనకేటి తొందర?" అనేది. నాగలిని స్తుతించే పద్యాలు వల్లెవేస్తూ పెరిగిన నాకు దున్నని సేద్యం వింతగా తోచింది. ఒకనాడు చేయి పెట్టి చూస్తే ఆ మట్టిలో మణికట్టుదాకా దిగింది.

ఆ ఏడు జ్యేష్ఠంలోనే ఆమె కడుపులోనిది మామూలు పుండు కాదని విశాఖపట్నంలో తేల్చారు. విడతలు విడతలుగా మందు ఎక్కించుకొని రావడం మొదలైంది. కొండదారిలో పోవడం, కొండదారిలో రావడం. ఇంటికి చేరాక ఆమెకు అన్నం వాసనే సరిపడేది కాదు. గంజి, చారు, మజ్జిగ, ఏది ఇచ్చినా గొంతు దిగకముందే వెనక్కి వచ్చేది. మనిషి తరిగిపోతున్నది. బరువు ఇలాగే తగ్గితే మందు ఆపవలసి వస్తుందని డాక్టరు హెచ్చరించారు. అప్పటినుంచి మా ఇంటిలో మిగిలిన ప్రశ్న ఒక్కటే: ఈమె చేత ఒక ముద్ద తినిపించడం ఎలా?

నాకు తెలిసిన దారి నేను పట్టాను. తులసిని కూడా ఆ గదిలోకే తెచ్చి, వైద్యం ముగిసేదాకా దాని ముందు అఖండదీపం ఉంచుతానని మొక్కుకున్నాను. నూనె అయిపోయినా వ్రతభంగం కాకూడదని పక్కనే చిన్న కరెంటు దీపం కూడా పెట్టించాను. అది నా జాగ్రత్త.

మొక్క సంగతికి వస్తాను. మట్టిమీద కప్పిన గడ్డి కొండల్లోని నారాయణపట్న సంతనుంచి వచ్చింది. విత్తనం దానితోనే వచ్చి ఉండాలి. ఆకు వేళ్ళు చాచినట్లు విచ్చుకున్నాక గుర్తుపట్టాను. పక్కగదిలో మంచంమీదినుంచి ఆమె నన్ను గమనిస్తూనే ఉంది.

"ఏటండీ అంత గుచ్చి గుచ్చి సూస్తన్నారు?"

"గంజాయి."

చాలా రోజులకు నవ్వింది. "బాగుంది. పంతులుగారింట్లో గంజాయి మొక్క! పీకేస్తారేటి?"

"పీకవద్దా?"

"నా మట్టిలోంచి ఏదీ పీకరు. కొయ్యాలంటే కొయ్యండి."

కోయలేదు. పాత వైద్యగ్రంథాలు ఆ మొక్కను విజయ అన్నాయి. ఆకలి పుట్టిస్తుందనీ, నిద్ర తెస్తుందనీ చెప్పాయి. చట్టం ఏమంటుందో కూడా నాకు తెలుసు. విశాఖ దారిలో తనిఖీచోట మా అద్దెకారును ఆపి డిక్కీ తెరిపించని ప్రయాణం లేదు. ఒకసారి వెనుకసీటులో పడుకున్న ఆమె దుప్పటి కూడా ఎత్తి చూపమన్నారు. ఇంటిలో ఆ మొక్క పెరుగుతుండగా నేను ఆ దుప్పటి ఎత్తి చూపించాను. ఆ కుర్ర పోలీసు చూపు తిప్పుకున్నాడు.

మొక్క ఏపుగా పెరిగింది. వాసన బయటికి పోకుండా కిటికీ మూశాను. ఆకుతో పని లేదనీ, గుణమంతా పూతలోనే ఉంటుందనీ ఎరుగుదును కనుక పూతకోసం కాచుకున్నాను. ఆశ్వయుజం గడిచింది. పూత లేదు. ఆమె పూటకు రెండు చెంచాల గంజి దగ్గర ఆగిపోయింది.

కార్తీకంలో గుణుపురంనుంచి మా మరదలు అక్కను చూడడానికి వచ్చింది. వాళ్ళది వ్యవసాయం. గదిలో అడుగుపెడుతూనే ముక్కు ఎగబీల్చింది.

"బావా, అప్పకి తోటకూరని సెప్పి ఇదేటి పెంచుతన్నారు?"

చెప్పాను. ఆమె నవ్వలేదు. మొక్క చుట్టూ తిరిగి చూసింది.

"కొండలమీద ఇవన్నీ పూసీసేయి. దీనికేటి రోగం? ఈ గదిలో సీకటెప్పుడు పడతాది?"

"పడదు. అఖండదీపం."

"అదీ సంగతి! మా సేను గట్టుమీద వీధిలైటు కింద సామంతి వరసొకటుంది. సుట్టూ అన్నీ పూసినా అది పుయ్యదు. రాత్రయిందని దానికి తెలిస్తే గదా!" అని, వంటింటిలోకి పోతూ అక్కతో అంది: "అప్పా, మీ ఆయన మొక్కని కూడా జాగారం సేయించేడు."

వెలిగించిన అఖండదీపాన్ని చోటు కదపరాదు. పెట్టె గదిలోంచి కదలదు. మొక్కను మట్టినుంచి పెకలిస్తే బతకదు. దుప్పటి కప్పి చూశాము. ఒక కొమ్మ విరిగింది. కరెంటు దీపం ఒక్కటే ఆపినా నూనెదీపం వెలుగు ఉండనే ఉంటుంది. ఇక మిగిలింది దీపాన్ని కొండెక్కించడమే. ఊరంతా దీపాలు పెట్టే నెలలో, ఆమె ఆయువుకోసం మొక్కుకున్న దీపాన్ని నా చేతితో నేనే ఆపాలి. రెండురోజులు ఆ గది గడప దగ్గర కూర్చుని లేచాను. ఒక మంత్రం, ఒక ప్రాయశ్చిత్తం ఏదైనా ఉందేమోనని వెదికాను. అలసిపోయి వెదకడం మానేశాను.

మూడోనాటి సాయంత్రం ఆమె పిలిచింది.

"ఆ దీపం ఎవరికోసం ఎలిగించేరు?"

"నీకోసమే."

"అయితే నాకోసవే ఆర్పీండి."

"అలా అనకూడదు. మొక్కు."

"దేముడికి నేను సెప్పుకుంటాను లెండి. ఎన్నాళ్ళనుంచి ఆయన కళ్ళల్లో దీపం పెట్టేరో! ఆయనకి మాత్రం నిద్రొద్దేటి?" అని ఆయాసపడి ఆగింది. తరువాత, నవ్వు లేకుండా, "నాకు ఆకలి కావాలండీ," అంది.

కార్తీక శుద్ధ దశమి సంధ్యవేళ స్నానం చేసి, తులసికి నమస్కరించి, పువ్వుతో వత్తిని నొక్కాను. కరెంటు దీపం మీట కూడా నొక్కాను. తలుపు దగ్గరగా వేసి వచ్చి ఆమె మంచం పక్కన కూర్చున్నాను.

మార్గశిర శుద్ధ సప్తమినాడు మొగ్గలు కనిపించాయి. పుష్య బహుళ తదియనాడు పూతను పాలలో కాచి ఇచ్చాను; వాంతి అయింది. షష్ఠినాడు మళ్ళీ ఇచ్చాను. అరగిన్నె గంజి తాగి, కూర్చున్నచోటనే నిద్రపోయింది. తనిఖీ ఇంటిదాకా వస్తుందేమోనన్న భయంతో ఆ వారమే మొక్కను కోసి కాల్చివేశాను. మాఘ శుద్ధ విదియనాడు, బరువు చాలదని డాక్టరు తరువాతి విడత మందును వాయిదా వేశారు.