మాటల్లేని దరువు

అయ్యలారా, అమ్మలారా, నాలుగు నిమిషాల్లో ఒక సంఘాన్ని నడివీధిలో నిలబెట్టడం ఎలాగో తెలుసుకోవాలంటే నన్ను అడగండి. ఆ పని నేను దాదాపు చేసి చూపించాను.

అవి సీడీల రోజులు. ఎడిసన్‌లో మా తెలుగు క్రైస్తవ సంఘానికి సొంత మందిరం లేదు. ఒక జమైకా సంఘంవారు ఆదివారం మధ్యాహ్నాలు తమది వాడుకోనిచ్చేవారు. మరో ఏడాది ఇవ్వాలా వద్దా అన్నది వాళ్ల పెద్ద, సిస్టర్ బెవర్లీ చేతిలో ఉంది. రెండు సంఘాల ఉమ్మడి ఆరాధన అయ్యాక చెబుతానన్నారు. క్వయర్ నాయకుణ్ణి నేను. వినయం గురించి తరచూ ప్రసంగించేవాణ్ణి గనుక, నా అంతటి వినయవంతుడు న్యూజెర్సీలో లేడని నా నమ్మకం.

వాళ్ల సంగీతంతోనే వాళ్లను గెలుద్దామనుకున్నాను. ఆఫీసులో డెల్రాయ్ అనే జమైకా మిత్రుడు డాన్స్‌హాల్ అని, వాళ్ల కుర్రకారు చిందేసే సంగీతం సీడీ ఒకటి ఇచ్చాడు. దరువు ఒకటే, దానిమీద పద్దెనిమిది మంది ఎవరి పాట వాళ్లు పాడుకున్నారు. అలాంటి దరువుని రిడ్డిమ్ అంటారట. చివర్లో పాట లేకుండా వట్టి దరువు ఉంది. దానికి నా కీర్తన అతికించాను.

"ఏవండీ, ఆ పద్దెనిమిది మందీ ఏం పాడారో విన్నారా?" అంది నా భార్య సుగుణ.

"ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థం కానిదాంట్లో పాపం ఏముంటుంది? పైగా నేను తీసుకుంది మాటల్లేనిది. ఇశ్రాయేలీయులు ఐగుప్తు బంగారం తెచ్చుకోలేదా?"

"తెచ్చుకున్నారు. దాంతో దూడను చేసుకుని, దేవుడని మొక్కారు."

"నువ్వెళ్లి ప్రాక్టీస్‌కి టీ పెట్టు."

ఆదివారం వచ్చింది. దరువు మోగింది. వెనక వరసల్లో జమైకా కుర్రకారు కరెంటు తగిలినట్టు లేచారు. "చూశారా, ఆత్మ కదిలిస్తోంది!" అని మైకులో అరిచి, వాల్యూమ్ ఇంకాస్త పెంచాను. పట్టుచీరల్లో మా ఆంటీలు "పాపిని కడిగిన ప్రభువా" అని ఎత్తుకోగానే, వెనకనుంచి ఒకడు అదే దరువుకి తనకొచ్చిన పాట అందుకున్నాడు. ఇంకొకడు మరొకటి. పాటలకు సాయంగా నడుములు కూడా వచ్చాయి. మా పాస్టర్‌గారు కళ్లు మూసుకున్నారు. ప్రార్థన కోసం కాదు.

సిస్టర్ బెవర్లీ తెల్లటోపీతో ఓడలా కదిలి వచ్చి ప్లగ్ పీకేశారు.

"బ్రదర్, ఈ రిడ్డిమ్ మీద ఏం పాడతారో తెలుసా?"

"తెలీదు సిస్టర్. నేను మాటల్లేనిదే తెచ్చాను."

"మాటలు వీళ్ల నోళ్లలోనే ఉన్నాయి, విన్నావుగా. అన్నీ పడకగది ముచ్చట్లే."

అక్కడ నోరు మూసుకోవచ్చు. మూసుకుంటే నేను నేనెలా అవుతాను?

"మరి మీకెలా తెలుసు సిస్టర్?"



"ఆ సీడీలో ఏడో పాట పాడింది నా కొడుకు," అన్నారావిడ. "వాణ్ణి ఇక్కడికి రప్పించమని ఐదేళ్లుగా మోకాళ్లమీద ఉన్నాను. నువ్వు దరువుని తెచ్చావు. వాణ్ణి తేలేకపోయావు." తర్వాత మా పాస్టర్‌గారి వైపు తిరిగారు. "మందిరం మీకిస్తాం. ఈయనకి మాత్రం మైకు ఇవ్వకండి."

ఒట్టు పెట్టుకోవడం మాకు కూడదు. అందుకే గంభీరంగా తీర్మానించుకున్నాను: దానిమీద పాడినవాళ్ల తల్లులందరినీ ఒక్కొక్కరిగా కలిసి, అనుమతి తీసుకుంటే తప్ప, ఇక ఏ దరువునూ దేవుని సన్నిధికి తీసుకురాను.