గోలీలతో తోడుకున్న పెరుగు

ఉప్పుగూడ స్టేషన్ వెనక గల్లీలో పాల కొమురమ్మను ఎరగనివాళ్లు లేరు. కొట్టం నిండా బర్రెలు, ఒక కొడుకు మహేష్, ఒక కోడలు నందిని. అందరినీ ఒకే గొంతుతో అదిలిస్తుంది, అందరికీ కడుపు నిండా పెడుతుంది.

నందినికి ఏడో నెల. కడుపుతో ఉండగా షుగర్ వచ్చింది. ఒంట్లో ఇన్సులిన్ ఉన్నా సరిగ్గా పనిచేయడం లేదని డాక్టరమ్మ తీపి మానమంది, నడవమంది, మేలు చేసే సూక్ష్మజీవులున్న గోలీలు రాసింది. అవి అందరికీ పనిచేస్తాయని చెప్పలేననీ, అసలు మందు తిండీ నడకేననీ అంది. తగ్గకపోతే ఇన్సులిన్ సూదులే. సూదంటే నందినికి చచ్చేంత భయం.

ఆ జీవులు పెరుగులో ఉండేలాంటివేనని కొమురమ్మ చెవిన పడింది. పాలోళ్ల మనిషి, పాలలో వేసి చూడందే దేన్నీ నమ్మదు. గోలీ విప్పి గోరువెచ్చటి పాలలో పొడి కలిపింది. తెల్లారేసరికి గిన్నె గడ్డకట్టింది. తోడుకోకపోతే నకిలీదని పారేసేది. తోడుకుంది కాబట్టి, ఇది మన పెరుగే కదా అని డబ్బా బీరువాలో పెట్టి తాళం వేసింది. ఎటైనా నందినికి గోలీ దక్కేది కాదు.

ఇక పొద్దున, సాయంత్రం గిన్నెడు పెరుగు, మీద బెల్లం. నడుద్దామంటే దిష్టి తగులుతుందని గడప దాటనివ్వదు. నందిని నోరు విప్పకపోలేదు. “చక్కెర ఏస్తున్ననా బిడ్డా? బెల్లమే గద,” అంది అత్త. అమ్మకు నువ్వంటే పాణం, కాదనకు అన్నాడు మహేష్.

అదీ నిజమే. నిరుడు కడుపు పోయినప్పుడు ఆసుపత్రి వరండాలో కోడల్ని ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది ఈమే. తిట్టే అత్తనైతే ఎదిరించవచ్చు. ముద్దలు పెట్టే అత్తను ఏం చేయాలి? నందినికి ఆ ఇంట్లో ఊపిరాడలేదు.

మళ్లీ పరీక్ష చేస్తే షుగర్ ఇంకా పెరిగింది. నందిని బెల్లం సంగతి డాక్టరమ్మకు చెప్పేసింది. రక్తంలోకి వెళ్లాక బెల్లమైనా చక్కెరైనా ఒకటేనని డాక్టరమ్మ కొమురమ్మకు కోపంగానే చెప్పింది. కొమురమ్మ బుద్ధిగా తలూపింది. సూదులు మొదలయ్యాయి.

మర్నాడు పొద్దున నందిని సూది పట్టుకుని కూర్చుంటే, కొమురమ్మ గిన్నెతో వచ్చి పక్కన కూలబడింది. కళ్లు వాచి ఉన్నాయి.

“నువ్వు గట్ల పొడుసుకుంటుంటే నా పాణం ఒప్పుతలేదు బిడ్డా. బెల్లం కొంచెమే ఏసిన. నా కోసం తిను.”

నందిని పొట్ట పక్కన సూది గుచ్చుకుంది. తర్వాత నోరు తెరిచింది.