గాజు మీది పసుపు

మాఘ బహుళ విదియ, గురువారం. బోటులో ఉన్నవారు: పరిశోధన చేసే మేడమ్, బోటు యజమాని దానయ్య, నేను.

ఆనాటి డైరీలో ఒక వాక్యం రాయకుండా వదిలేశాను. ఆరేళ్లుగా దాని బరువు మోస్తున్నాను. మీకు చెబుతాను.

ముప్పై ఏళ్లు సముద్ర పరిశోధకుల దగ్గర సహాయకుడిగా పనిచేశాను. నా చేతిలో ఒక్క పరికరం పాడవలేదు. ఆ గర్వం ఇప్పటికీ ఉంది, దాచను. ఆ రోజు సంతబొమ్మాళి వైపు తీరంలో కొత్త కెమెరా దింపాలి. ప్లవకాలంటే నీటి వాలుకు తేలే, కంటికి ఆనని జీవులు. వలతో తీస్తే నలిగిపోతాయి. ఈ కెమెరా వాటిని అవి బతికే చోటే ఫొటో తీస్తుంది.

"కొత్త సామాను గదా బావా, గంగమ్మకి సూపించి ఓ బొట్టెట్టి దింపుదుం" అన్నాడు దానయ్య.

"గాజుకి వేలు తగిలితే బొమ్మ పాడవుతాది. నీ బోటుకెట్టుకో."

"ఓలమ్మో, నీ కెమెరాకి మడేటి!" అని నవ్వి, బోటు ముక్కుకు నూనెలో కలిపిన పసుపు రాశాడు.

అతన్ని వెక్కిరించిన నేనే, ఇద్దరూ అటు తిరిగినప్పుడు ఆ పసుపు వేలితో తీసి కెమెరా చట్రానికి పెట్టాను. ఎందుకు? భయమా, భక్తా? ఇప్పటికీ తెలియదు. పడవ ఊగింది. వేలు గాజు మీద జారింది. తుడిచాననుకున్నాను.

కెమెరా దింపాక ప్రతి ఫొటోలోనూ ఒకే మూల మచ్చ. గాజు ముట్టుకున్నదెవరని మేడమ్ అడిగారు. దానయ్య వేళ్లు పచ్చగా ఉన్నాయి. నావి తువ్వాలుకు తుడిచేశాను.

"నాను ముట్టలేదమ్మా. బావ సూసేడు గదా, అడగండి."

"నేను చూడలేదు" అన్నాను.

ఆ సీజనంతా దొరకాల్సిన పని దానయ్యకు పోయింది. వేసవికి ముందే చేపల వేటకు గుజరాత్ వెళ్లిపోయాడు. ఆ మచ్చ నాది. అతనిది కాదు. ఇదిగో, రాశాను. ఇది చదివి మీరు నన్ను క్షమించనక్కర్లేదు. రాయగలిగాను, అంతే చాలు.

ఆ గురువారానికి మర్నాడు ఉదయం వేరే బోటు. గాజు నేనే కడిగాను. కెమెరా దిగగానే తెర మీద, సన్నటి పూసల దండల్లా, ఒక్కటీ తెగకుండా ఆ జీవులు తేలాయి. అలాంటి బొమ్మ మేమెవరమూ అంతకుముందు చూడలేదు. "ఇది మీ చేతి శుభ్రత" అన్నారు మేడమ్. పొంగిపోయాను. నిజంగానే పొంగిపోయాను.

ఒడ్డు మీంచి దానయ్య తువ్వాలు ఊపుతున్నాడు. కెరటం పెరుగుతోంది, వెనక్కి రమ్మని. అతను చెప్పినట్టే వచ్చేశాం.