హాస్టల్ గదిలో పాలు పొంగిన రోజు

పోయిన ఆదివారం మా అమ్మాయి హాస్టల్ గది ఖాళీ చేసి, సామాను ట్రాలీ ఆటోలో వేయించుకుని కొండపల్లి వచ్చాం. పరుపు, బకెట్లు, పుస్తకాల మూటలు ముందుగదిలో దింపేసరికి నా నడుము నా మాట వినడం మానేసింది. కుర్చీలో కూలబడి చూస్తే, ఆ సామానులో సగం ఒకప్పుడు ఈ ఇంట్లోంచి పోయినవే. కర్టెన్లు, గోడ గడియారం, దుప్పట్లు, అన్నీ నా చేతులతో మోసుకెళ్లి ఆ గదిలో పెట్టినవే. ఎందుకంత మోశానో తలుచుకుంటే ఇప్పటికీ భుజాలు లాగుతాయి.

మా ఆవిడ చనిపోయిన ఏడాదే అమ్మాయికి యూనివర్సిటీలో సీటు వచ్చింది. థర్మల్ స్టేషన్‌లో నాది షిఫ్టు డ్యూటీ. రాత్రిపూట ఆడపిల్లను ఇంట్లో ఒంటరిగా వదిలి వెళ్లలేను. యూనివర్సిటీ చూస్తే విజయవాడకు అవతలి వైపు, రెండు బస్సులు మారాలి. అందుకని హాస్టల్లో చేర్పించాను. చేరిందన్న మాటే గానీ, శుక్రవారం సాయంత్రమయ్యేసరికి సంచీ భుజాన వేసుకుని వచ్చేసేది. వారానికి సరిపడా కూరలు వండి, డబ్బాల్లో పెట్టి ఫ్రిజ్‌లో సర్దేది. ఆ పనిలో సోమవారం క్లాసులు పోయేవి, ఒక్కోసారి మంగళవారానివి కూడా. హాజరు తగ్గిందని అక్కడినుంచి నాకు ఫోన్ వచ్చింది. అడిగితే, "అది గదిలా ఉంది నాన్నా, ఇల్లులా లేదు. మానేసి ఇంట్లోనే ఉండి పరీక్షలు ప్రైవేటుగా కట్టుకుంటాను" అంది. దీన్ని పెద్ద చదువు చదివించాలని వాళ్లమ్మకు ఎంత ఉండేదో నాకు తెలుసు.

సరే, గది ఇల్లులా లేకపోవడమే జబ్బయితే మందు నా దగ్గరుందనుకున్నాను. విజయవాడ గవర్నర్‌పేటలో కొత్త కర్టెన్ కొనిస్తే ముఖం అదోలా పెట్టింది, అందుకని మా ముందుగది కర్టెనే విప్పి తీసుకెళ్లాను. తరవాత గడియారం, ఆ తరవాత వాళ్లమ్మ కుట్టిన దిండు గలీబులు, చివరికి బైబిల్ వాక్యం రాసున్న గోడ క్యాలెండరు. వారం మధ్యలో నైట్ డ్యూటీ దిగి, సంచీ ఒళ్లో పెట్టుకుని బస్సులో కునికిపాట్లు పడుతూ వెళ్లేవాణ్ణి. ఒకసారి నిద్రలో స్టాపు దాటిపోయి, ఎండలో వెనక్కి నడిచాను. నా నెరిసిన జుట్టు చూసి వార్డెన్ గారు పగటిపూట గది దాకా పోనిచ్చేవారు. ఇక్కడ మా ఇల్లు బోసిపోయింది, అక్కడ గోడలన్నీ నిండాయి. అయినా తెచ్చిన ప్రతి వస్తువునూ చూసి పిల్ల ముఖం ఇంకాస్త చిన్నబోయేది. ఎందుకో నాకు అంతుపట్టలేదు.

ఆ గదిలో రెండో మంచం ఖాళీగా ఉండేది. చివరి కౌన్సెలింగ్‌లో సీటొచ్చి కంకిపాడు నుంచి ఒక రైతుల ఇంటి అమ్మాయి వచ్చి చేరింది. దిగబెట్టడానికి వాళ్ల నాయనమ్మ వచ్చింది. ఆవిడ గదంతా కలయజూసి, "ఇంట్లో ఏమన్నా మిగిల్చారా బాబూ?" అని నన్ను అడిగింది. ఆ వెంటనే, పాలు పొంగించందే మనవరాలు ఆ గదిలో పడుకోవడానికి వీల్లేదంది. మాది చర్చికి వెళ్లే కుటుంబం. కొత్త ఇంట్లో ప్రార్థన చేయించుకుంటాం తప్ప పాలు పొంగించం. కానీ సగం గది వాళ్లది, పొంగే పాలు సగం దగ్గర ఆగవు కదా. స్టవ్ వెలిగించనివ్వరు గనక మా అమ్మాయి నీళ్లు కాచుకునే ఎలక్ట్రిక్ కెటిలే దిక్కయింది. ఆవిడ పాలు పోసి దండం పెట్టుకుంటుంటే నేను స్విచ్ వేశాను. పాలు లక్షణంగా పొంగాయి, పొంగి ప్లగ్గులోకి దిగాయి. టప్‌మని ఆ అంతస్తు మొత్తం కరెంటు పోయింది. ఏళ్ల తరబడి కరెంటు తయారుచేసే చోట జీతం తీసుకుంటున్నవాణ్ణి, స్విచ్ దగ్గర వేలు అలాగే పెట్టి నిలబడిపోయాను. ఉక్క భరించలేక ఆడపిల్లలంతా వరండాలోకి వచ్చేశారు. ఏం జరిగిందని వార్డెన్ గారు అడిగితే, శుభం జరిగిందమ్మా అని నాయనమ్మ నిదానంగా చెప్పింది. వాళ్లమ్మ పోయాక మా అమ్మాయి పగలబడి నవ్వడం ఆ రోజే విన్నాను.

అమ్మాయిలిద్దరూ గదిలో నేల తుడుస్తుంటే, మేమిద్దరం ఎలక్ట్రీషియన్ కోసం ఎదురుచూస్తూ వరండాలో కూర్చున్నాం. ఇంట్లో ఎవరెవరుంటారు, వంటెవరు చేస్తారు అని ఆవిడ ఆరా తీసింది. అమ్మాయి వండిపెట్టి వస్తుందని, అవి అయిపోతే క్యాంటీన్లో తింటానని, ఒక్కోపూట తినబుద్ధి కాదని చెప్పాను. ఆవిడ కొంగుతో విసురుకుంటూ గది వైపు తల తిప్పింది.

"గదికేం బాబూ, బానే ఉంది. నాన్న తిన్నాడో లేదో అని దాని ప్రాణమంతా మీ వంటింట్లో ఉంటే, ఇక్కడెన్ని కర్టెన్లు కట్టి ఏం లాభం చెప్పండి? ముందు మీరక్కడ కుదురుకోండి. ఇక్కడ పిల్ల తనే కుదురుకుంటుంది."

ఇంటికి వెళ్లాక పొయ్యి ముందు నిలబడ్డాను. చెయ్యి కాల్చుకోవడం ఊరికే మాటవరసకు అనరని మొదటి వారంలోనే తెలిసింది. పప్పు ఉడికేది కాదు, ఉడికితే అడుగంటేది. వండింది ఫోటో తీసి వాట్సాప్‌లో పంపితే, ఆ అంతస్తు పిల్లలంతా మూగి తీర్పు చెప్పేవాళ్లట. అంకుల్ మళ్లీ పోపు మాడ్చారని కంకిపాడు అమ్మాయి కబురు పెట్టేది. డ్యూటీ దిగి వంట చేసుకోవడం నాకు ఎప్పుడూ సుఖంగా లేదు, కళ్లు మూసుకుపోతుండగానే గంటె తిప్పేవాణ్ణి. మా అమ్మాయి రావడం మెల్లమెల్లగా తగ్గింది. ఒక శుక్రవారం ఫోన్ చేసి, రికార్డు రాసుకోవాలి, ఈ వారం రాను, నువ్వు తింటావుగా అంది. తింటానన్నాను. కావాలని కోరుకున్నదే జరిగింది, అయినా ఆ సాయంత్రం ఇంట్లో ఉండలేక, డ్యూటీ లేకపోయినా ప్లాంటు గేటు దాకా నడిచి వచ్చాను.

అలా చదువు పూర్తయింది. ఆదివారం సామాను దింపాక, "నువ్వు కూర్చో నాన్నా, నేను వండుతా" అని లోపలికి వెళ్లింది. గిన్నెల చప్పుడు, అరల తలుపులు తీసి వేస్తున్న చప్పుడు చాలాసేపు వినిపించాయి. కాసేపటికి గుమ్మంలోకి వచ్చి, చుట్టపుచూపుగా వచ్చినదానిలా మొహమాటంగా నిలబడింది.

"ఉప్పెక్కడ పెట్టావు నాన్నా?"

లేచి వెళ్లి చూపించాను. వాళ్లమ్మ ఉంచిన అరలోంచి నా కళ్లకు ఆనే చోటికి ఆ డబ్బా ఎప్పుడు మార్చానో నాకే గుర్తు లేదు. సర్టిఫికెట్ తెచ్చి నా చేతికిచ్చినప్పుడు కూడా అనిపించలేదు గానీ, ఇన్నేళ్లు గడిచిపోయాయని నాకు తెలిసింది నా కూతురు తన ఇంట్లో తను ఉప్పు వెతుక్కున్నప్పుడే.