చిన్న చిప్పను వెనక్కి పెట్టే తీరు

మాది జగిత్యాల దగ్గరి పల్లె. ఒమాన్‌కు సెంట్రింగ్ పనికి వచ్చాను. ఇబ్రాలో రెండేళ్లు పనిచేశాక కంపెనీ నన్ను మిర్బాత్ తీరంలోని చేపల పరిశోధన కేంద్రానికి పంపింది. ట్యాంకులు కడగడం నా డ్యూటీ. అబలోన్ సీజన్‌లో మాత్రం ఒడ్డున కూర్చుని చిప్పలు కొలవాలి.

అబలోన్ అంటే రాతిని కరుచుకుని బతికే సముద్రపు నత్త. వీపు మీద చెవి ఆకారంలో ఒకే చిప్ప ఉంటుంది. ఏడాదిలో కొన్ని రోజులే దాన్ని పట్టనిస్తారు. కొలతకు తగ్గినవాటిని తిరిగి వదిలేయాలి.

మొదటి రోజే ఒక ముసలావిడ తడిబట్టలతో వచ్చి సంచి నా ముందు కుమ్మరించింది. కొలిస్తే మూడు చిన్నవని తేలింది. వాటిని ఒడ్డు పక్క నీళ్లలోకి విసిరేశాను. ఆవిడ నెత్తి కొట్టుకుంది.

"చంపేశావు బేటా, చంపేశావు!" అంది వచ్చీరాని హిందీలో.

"లేదమ్మా, బతకాలనే ఇడిసిన," అన్నాను నా హిందీలో.

ఆవిడ నా మణికట్టు పట్టుకుని నీళ్లలోకి లాక్కుపోయింది. నాకు ఈత రాదని మొత్తుకున్నా వినలేదు. మోకాలి లోతులో ఆగి చూపించింది. నేను విసిరిన నత్త వెల్లకిలా పడి ఉంది. చిన్న చేపలు అప్పుడే దాని మాంసం పొడుస్తున్నాయి. దాన్ని తీసి, ఒక రాయి అడుగున బోర్లా ఆనించి, పట్టు దొరికేదాకా అరచేత్తో అదిమింది. నా వేలితో కదిపి చూడమంది. కదల్లేదు. రెండోదీ దొరికింది. మూడోదాని కోసం చాలాసేపు వెతికింది, కనిపించలేదు.

కేంద్రంలో నాకు ఈ పని అప్పజెప్పిన మా సారుది కాకినాడ. ఆయనకు జరిగిందంతా చెప్పాను.

"మనం ఇసిరేసుడు తప్పు సార్. ఎల్లెల్కల పడితే చేపలు తింటున్నయి."

"నీకు కొలవడం నేర్పానుగానీ వదలడం నేర్పలేదయ్యా. నాకే తెలిస్తే కదా," అన్నారు.

మర్నాడు నోట్‌బుక్ పట్టుకుని ఆవిడ పక్కన ఇసకలో కూర్చున్నారు. ఆ సీజన్ నుంచి చిన్నవాటిని నీళ్ల టబ్బులో దాచి, ఒక్కొక్కటిగా రాళ్ల కింద పెడుతున్నాం. ఏ రాళ్లో ఆవిడే చెబుతుంది.

ఈ ఏడు మోకాళ్ల నొప్పులతో ఆవిడ నీళ్లలోకి దిగలేకపోయింది. ఒడ్డున ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుంది. టబ్బుతో నేనే దిగాను.

"అది కాదు బేటా, పక్క రాయి!" అని అరిచింది.

పక్కదానికి జరిగాను. అదీ కాదట.